గుటక వేయించే మనిషి

మా బావ గడ్డం గీస్తున్నంతసేపూ కుర్చీలో ఉన్నవాణ్ని మాట్లాడనివ్వడు, తను మాత్రం నోరు ముయ్యడు. తల వెనక్కి వాల్చి, మెడకు నురగ పట్టించి, సగానికి విరిచిన బ్లేడు కత్తిలో బిగించాడంటే వీధిలో జరిగినవీ జరగనివీ అన్నీ మొదలవుతాయి. కింద ఉన్నవాడు నవ్వొచ్చినా బిగబట్టుకోవాల్సిందే. అయితే కత్తి గొంతు ముడి దగ్గరికి రాగానే బావ ఠక్కున ఆగిపోతాడు. చెయ్యి పైకెత్తి, "గుటక వేసెయ్యండి సార్, తర్వాత నా పని నేను చూసుకుంటా" అంటాడు. ఆ ముడి పైకి లేచి కిందికి దిగాక గానీ కత్తి ఆనించడు. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. అయినా మళ్లీ అక్కడికే వస్తారు, ఎందుకంటే మొన్నమొన్నటిదాకా బావ చేతిలో ఎవరి గొంతు మీదా గాటు పడలేదు.

ఆ సెలూన్, చెప్పుల మరమ్మతు కొట్టుకీ ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టుకీ మధ్య ఇరుక్కున్న సన్నటి గది. గోడ పొడవునా అద్దం, అద్దం కింద పౌడరు డబ్బా, పటిక ముక్క, నీళ్లు చల్లే సీసా. తిరుగుడు కుర్చీలు రెండున్నా ఒకటి ఎప్పుడో కుంగిపోయింది. వచ్చినవాళ్లు దాని మీద సంచులు పెట్టుకునేవారు. మేనమామ దగ్గర పని నేర్చుకుని, ఆయన తర్వాత ఆ గది తనే నడుపుతున్నాడు బావ.

నేను ఆయన మరదల్ని. మా అమ్మానాన్నలు పోయాక అక్క నన్ను తన దగ్గరే ఉంచుకుంది. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను. బావకీ నాకూ ఒక్క క్షణం పడదు, అలాగని ఒకరు కనిపించకపోతే ఇంకొకరికి తోచదు. అక్క పెళ్లయిన కొత్తలో, "మనుషుల మొహాలు మర్చిపోతావు గానీ గొంతులు గుర్తుపెట్టుకుంటావటగా బావా" అని ఏడిపించాను. "నీ గొంతు గుర్తుపెట్టుకోనక్కర్లేదే మరదలా, వీధి మొదట్లోకే వినిపిస్తుంది" అన్నాడు. అంత తేలిగ్గా నవ్వించే మనిషి. ఇప్పుడు ఆయన్ని చూస్తే నాకు కోపం వస్తుంది, ఎవరి మీదో కూడా తెలియని కోపం. ఆయన సంగతి ఎవరికైనా చెబితే కొంచెం తగ్గుతుందేమో చూడాలి.

అక్కకు పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టింది పాప. కాన్పు కష్టమైంది. పుట్టగానే ఏడవలేదు, ఆ తర్వాత ఏడ్చిన ఏడుపు కూడా మూలుగులాగే ఉంది. మా అత్తయ్య, అంటే బావ వాళ్లమ్మ, ఒళ్లోకి తీసుకుని "గువ్వపిట్టంత ఉందిరా" అంది. అంతే, మా ఇంట్లో అది గువ్వ అయిపోయింది. పాలు పడితే గువ్వ చప్పరించేది కాదు. నోరు తెరిచి ఉండేది, పాలు పెదవుల మూలల్లోంచి కారి చెవుల వెనక్కి పోయేవి. చూడ్డానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ అక్కకు పాఠం చెప్పింది. ఎత్తుకోవడం రాదంది ఒకావిడ, పట్టడం రాదంది ఇంకొకావిడ. అక్క తల వంచుకుని వినేది. నాకు ఒళ్లు మండిపోయి, "అయితే మీరు పట్టండి చూద్దాం" అని ఒకావిడ చేతికి సీసా ఇచ్చాను. ఆవిడ ఒడి తడిసింది గానీ గువ్వ గొంతు తడవలేదు. మళ్లీ ఆవిడ మా గుమ్మం తొక్కలేదు.

పిల్లల డాక్టరు అసలు సంగతి చెప్పాడు. పుట్టేటప్పుడు మెదడుకు గాలి సరిగ్గా అందలేదట, అందుకని ఒంట్లో కండరాలకు బిగువు లేదట. మెడ నిలవకపోవడం, కాళ్లు వేలాడటం మాకు కనిపిస్తూనే ఉన్నాయి. "నాలుకా కండరమేనండీ. పెదవులు, బుగ్గలు, గొంతు, అన్నిటా కండరాలే. అవన్నీ ఒకదాని వెనక ఒకటి పనిచేస్తేనే ముద్ద దిగుతుంది" అన్నాడు ఆయన. ఆ సాయంత్రం బావ అద్దం ముందు నిలబడి నాలుక చాపుకుని చాలాసేపు చూసుకున్నాడు. "ఎన్ని నోళ్లు చూశానే నేను! నాలుక అంటే నాలుకే అనుకున్నా, కండ అనుకోలేదు" అన్నాడు. నేను నవ్వబోయి, ఆయన కళ్లు చూసి మానేశాను.

డాక్టరు మమ్మల్ని పంపింది పిల్లలకు మాటలు నేర్పే ఆవిడ దగ్గరికి. అత్తయ్యకు అది మింగుడు పడలేదు. "తిండి దిగడం లేదురా నాయనా అంటే మాటలు నేర్పిస్తారా? కడుపు నిండితే మాటలు వాటంతట అవే వస్తాయి" అంది. వెళ్లాక గానీ మాకు తెలియలేదు, మాట పలికించేదీ ముద్ద మింగించేదీ అదే నాలుక, అవే పెదవులు అని. అలా ఆవిడ మా ఇంట్లో మాటల మేడం అయింది.

మాటల మేడం ముందుగా గువ్వను ముట్టుకోలేదు. బావ చేతికి నీళ్ల గ్లాసు ఇచ్చింది. "ఒక గుక్క నోట్లో పోసుకోండి పాప నాన్నగారూ. పోసుకున్నారా? ఇప్పుడు పెదవులు కలపకుండా మింగండి."

బావ నోరు తెరుచుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, గొంతు సాగదీసి నానా తంటాలు పడ్డాడు. చివరికి నీళ్లన్నీ చొక్కా మీదికి వచ్చాయి. అక్క కూడా నవ్వింది.

"మీ పాప ప్రతి పూటా పడే కష్టం ఇదేనండీ" అంది మేడం. ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ తన వేళ్లతో తన గొంతు మీదే చూపిస్తూ చెప్పింది. పెదవులు మూసుకోవాలి, బుగ్గలు బిగుసుకోవాలి, నాలుక ముద్దను పోగుచేసి వెనక్కి తొయ్యాలి. అప్పుడు గొంతు పైకి లేస్తుంది, గాలి గొట్టం మీద మూత పడుతుంది, ముద్ద దాని వెనక దారిలో కడుపులోకి దిగుతుంది. గువ్వ నాలుక ముద్దను వెనక్కి తోయాల్సింది పోయి ముందుకి తోసేస్తోంది. వెనక్కి వెళ్లిన కాస్తకీ మూత వేళకు పడటం లేదు.

గొంతు పైకి లేవడం అనేసరికి బావకు ప్రాణం లేచొచ్చింది. "అది నాకు తెలుసండీ! రోజంతా నేను చూసేది అదే. లేచిందో లేదో వేలు పెట్టక్కర్లేదు, దూరం నుంచి చెప్పేస్తాను."

"చాలా మంచిది. కానీ వేలు పెట్టే చూడండి" అంది మేడం.

ఆవిడ చెప్పినవన్నీ బావ ఒక్క ముక్క పొల్లుపోకుండా పట్టుకున్నాడు. పాపను నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కాస్త కిందికి ఉండాలి. తినే ముందు రెండు వేళ్లతో బుగ్గల మీద చెవుల దగ్గర నుంచి పెదవుల దాకా నిమరాలి. చెంచా నాలుక మధ్యలో ఆనించి, పై పెదవి దానంతటది కిందికి వచ్చేదాకా ఆగాలి. అన్నం, పండు, ఏదైనా చిక్కటి గుజ్జు చెయ్యాలి. ఒక గుటక అయ్యి నోరు ఖాళీ అయ్యాకే రెండోది. పల్చటి నీళ్లు మాత్రం చెంచాడు కూడా వద్దు, అవి నాలుకకు చిక్కకుండా జారిపోతాయి. దాహానికి కూడా చిక్కబరిచే పొడి కలిపిన నీళ్లే. తిన్నాక గొంతులో తడి చప్పుడు వినిపిస్తే వెంటనే చెప్పాలి.

కుంగిపోయిన కుర్చీని బావ ఇంటికి మోసుకొచ్చాడు. కాళ్లు కోయించి, పక్కల దిళ్లు కుట్టించి, తల ఆనే పలకను గువ్వ మెడకు సరిపోయేట్టు కిందికి దించాడు. మధ్యాహ్నం కాగానే సెలూన్‌కు సగం షట్టర్ దించి ఇంటికొచ్చేవాడు. ఆ వేళకు అక్క బట్టల కార్ఖానాలో కాజాలు కుడుతూ ఉంటుంది, అత్తయ్యకు చేతులు వణుకుతాయి. కాబట్టి ఆ పూట తిండి బావదే. చేతులు సబ్బుతో కడుక్కుని, గువ్వ మెడకు తువ్వాలు కట్టి, "దయచేయండి మేడమ్‌గారూ, ఈరోజు కటింగా, షేవింగా?" అని మొదలుపెట్టేవాడు. అది నవ్వేది. నడక లేదు, మాట లేదు, చెయ్యి చాపి ఒక బొమ్మను అందుకోవడం లేదు, కానీ మధ్యాహ్నం గుమ్మంలో వాళ్ల నాన్న అడుగు పడితే మాత్రం గువ్వ మొహమంతా విప్పారి నోరు తెరుచుకునేది.

గిన్నెడు గుజ్జు తినిపించడానికి గంట పైన పట్టేది. చెంచా ఆనించి ఆగేవాడు. పెదవి దిగకపోతే మళ్లీ నిమిరేవాడు. వేలు గొంతు మీద ఆనించి, కళ్లు మూసుకుని, ఆ చిన్న లేవడం కోసం ఎదురుచూసేవాడు. "ఆ... పడింది" అనేవాడు. బావ అంత ఓపిక నాకు లేదు. ఒకసారి నేను తినిపించబోతే సగం గిన్నెకే ఏడుపొచ్చింది.

గువ్వకు పొలమారేది. తినేటప్పుడు ఉన్నట్టుండి ముక్కు ఎర్రబడి, కళ్లలో నీళ్లు తిరిగి, దగ్గు తెర వచ్చేది. ఎవరింట్లోనైనా పొలమారితే ఏమంటారో అదే మా అత్తయ్యా అనేది. మాడు మీద తడుతూ, "ఎవరో తలుచుకుంటున్నారే నిన్ను, ఎవరో తలుచుకుంటున్నారు" అనేది. అది మా ఇంట్లో ఒక ఆటైపోయింది. సాయంత్రం నేను రాగానే బావ, "ఈరోజు దుకాణంలో పని చెయ్యకుండా మా పిల్లను తలుచుకుంటూ కూర్చున్నట్టున్నావ్, అన్నం మధ్యలో దగ్గించావు" అనేవాడు. "నేను కాదు, మా అక్క" అనేదాన్ని. కాజాలు కుడుతూ అక్క దాన్ని తలుచుకోని క్షణం ఉండదు గనక ఆ మాట అబద్ధం కూడా కాదు.

కొన్నాళ్లకు పొలమారడం తగ్గింది. ఇంకొన్నాళ్లకు పూర్తిగా ఆగిపోయింది.

ఆ రోజుల్లో బావ కాళ్లు నేల మీద నిలవలేదు. వచ్చిన ప్రతివాడి మెడకీ నురగ పట్టిస్తూ గువ్వ గుటకల కథే చెప్పాడు. "కండకు పని చెబితే ఎందుకు మాట వినదండీ? బుగ్గలు నిమిరి నిమిరి దారికి తెచ్చాను" అనేవాడు. నన్నూ వదల్లేదు. "ఏమే, పిల్లను మర్చిపోయావా? తలుచుకోవడం మానేశావు" అని ఆటపట్టించాడు. మేడం ఆ నెలలో సెలవులో ఉంది. ఆవిడ తిరిగొచ్చాక ఒకేసారి చూపించి ఆశ్చర్యపరచాలని బావ ఆశ. ఎండలు ముదిరాయి. గ్లాసు చూస్తే గువ్వ పెదవులు కదిలించేది. దగ్గడం లేదు కదా అని ఒకరోజు చెంచాడు మంచినీళ్లు పట్టాడు, పొడి కలపని నీళ్లు. అది దగ్గలేదు, హాయిగా కళ్లు మూసుకుంది. ఆ తర్వాత రోజూ పట్టాడు. ఆ నీళ్లు దాని మొహం మీదికి తెచ్చిన వెలుగు నేనూ చూశాను.

ఆ వెంటే జలుబు మొదలైంది. ఛాతీలో గురగుర. జ్వరం వచ్చేది, మందుకు తగ్గేది, మళ్లీ వచ్చేది. అత్తయ్య ఫ్యాన్‌ను తిట్టింది, అక్క కిటికీ మూయించింది, నేను వీధిలో దుమ్మును తిట్టాను. తింటున్న పిల్ల ఒళ్లు చెయ్యాలి గదా, గువ్వ భుజాల ఎముకలు బయటపడుతున్నాయి. ఒక పొద్దున ఎత్తుకుంటే పెదవులు నీలంగా ఉన్నాయి. బావ చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా పిల్లను భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తాడు.

ఆసుపత్రిలో ఊపిరితిత్తులకు నెమ్ము చేరిందన్నారు. ముక్కుకు గాలి పెట్టారు, చేతికి సూది గుచ్చారు. తిండికి ముక్కులోంచి కడుపు దాకా సన్నటి గొట్టం వేశారు. సంగతి తెలిసి మాటల మేడం వార్డుకే వచ్చింది. గువ్వ ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసి, "తినేటప్పుడు పొలమారుతోందా?" అని అడిగింది.

"లేదు మేడం!" అన్నాడు బావ. అంత బాధలోనూ ఆయన మొహంలో ఆ గర్వం తొంగిచూసింది. "ఆగిపోయి చాలా రోజులైంది. ఒక్క దగ్గు లేదు. నీళ్లు కూడా తాగేస్తోంది."

మేడం మొహం పాలిపోయింది. "పొడి కలపకుండానా?" అని మాత్రం అంది.

జ్వరం దిగాక ఎక్స్‌రే గదిలో పరీక్ష చేశారు. గువ్వను పక్కకు తిప్పి కూర్చోబెట్టి, తెల్లటి మందు కలిపిన జావ చెంచాతో ఇస్తుంటే తెర మీద లోపలిదంతా కదులుతూ కనిపిస్తుంది. తినిపించింది బావే, వేరే చేతికైతే అది నోరు తెరవదని. ముందు ఆ కిరణాలు తగలకుండా బరువైన కోటు ఆయనకు తొడిగారు. అక్కా నేనూ అద్దం అవతల నిలబడ్డాం. తెర మీద దవడ, పాల పళ్లు, సన్నటి మెడ ఎముకలు. తెల్లటి ముద్ద నాలుక మీద కాసేపు అటూఇటూ పొర్లింది, కొంత బుగ్గలోకి పోయింది, కొంత మెల్లగా వెనక్కి జారింది. జారి, గొంతు లేవకముందే, సన్నటి తెల్లటి చారగా ముందున్న గొట్టంలోకి దిగిపోయింది. ముందున్నది గాలి గొట్టం. ఆ తర్వాత గొంతు లేచింది. గువ్వ దగ్గలేదు. కళ్లు కూడా చెమర్చలేదు. మళ్లీ కావాలని నోరు తెరిచింది.

"ఆపండి" అంది మేడం.

బయటికొచ్చాక బావ వాదించాడు. "గుటక పడిందండీ, నేను చూశాను. వేలు పెట్టి చూశాను."

"పడింది. కానీ పడేలోపే కొంత తప్పు దారిలో వెళ్లిపోయింది."

"వెళ్తే దగ్గాలి కదండీ! ఎవరికైనా దగ్గొస్తుంది కదా! దగ్గలేదు కదా!"

"పొలమారడం జబ్బు కాదండీ" అంది మేడం. "ఊపిరి దారిలోకి వెళ్లబోయినదాన్ని బయటికి నెట్టడానికే పొలమారుతుంది. పాపకు అది నయమై ఆగలేదు. చేతకాక ఆగింది. అప్పట్నుంచీ తిన్నదాంట్లో కొంత, తాగినదాంట్లో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల్లోకే వెళ్తోంది."

బావ గోడ వైపు తిరిగాడు. "నీళ్లు నేనే పట్టాను" అన్నాడు. తలను గోడకేసి కొట్టుకోబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను, నా చెయ్యి వాచింది. అక్క ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

వార్డులో అత్తయ్యకు ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ గువ్వ మంచం దగ్గరికి వెళ్లి, మాడు మీద చెయ్యి వేసి, వంగి దాని చెవిలో, "నేను తలుచుకుంటున్నానే తల్లీ. గట్టిగా తలుచుకుంటున్నా. దగ్గవే, ఒక్కసారి దగ్గవే" అని బతిమాలడం మొదలుపెట్టింది. నర్సు వచ్చి పక్కకు తీసుకెళ్లేదాకా అదే మాట. నేను ఆ వార్డులోంచి బయటికి పారిపోయాను.

పెద్ద డాక్టరు చెప్పిన దారి ఒక్కటే. కడుపుకు చిన్న రంధ్రం చేసి అక్కడ గొట్టం అమరుస్తారు, తిండి అందులోంచి. నోటికి ఏమీ ఇవ్వకూడదు. కొన్నేళ్లకు కండరాలు కొంచెం గట్టిపడితే మళ్లీ పరీక్ష చేసి చూడొచ్చు, కానీ అది తప్పక జరుగుతుందని ఆయన అనలేదు. ఇంకోసారి ఇలాంటి నెమ్ము వస్తే పిల్ల తట్టుకోదని మాత్రం అన్నాడు.

బావ ఒప్పుకోలేదు. "దానికి ఉన్నదే ఆ ఒక్కటి" అన్నాడు. "నడవదు, ఆడదు, అమ్మా అనదు. ఏదీ అడగదు. అన్నం తినేటప్పుడే అది నవ్వుతుంది. అది కూడా తీసేస్తే ఇంక దానికేం మిగులుతుంది?"

"ప్రాణం మిగులుతుంది" అంది అక్క.

"నాకు కొంచెం టైమివ్వండి. ఇంకా గట్టిగా చేయిస్తాను. పొద్దునా సాయంత్రం కూడా చేయిస్తాను. దుకాణం మూసేస్తాను" అని బావ మేడం చేతులు పట్టుకున్నాడు. "మీ చేతిలో లోపం లేదండీ. మీలా చేసిన తండ్రిని నేను చూడలేదు. కానీ ఈ కండరాలకు ఇంతకంటే చేతకావడం లేదు" అందావిడ. ఆయన చెవికి అది ఎక్కలేదు.

ముక్కు గొట్టంతోనే ఇంటికి తెచ్చుకున్నాం, బావకు ఇచ్చిన గడువది. ఆయన నిజంగానే షట్టర్ పూర్తిగా దించేసి ఇంట్లో కూర్చున్నాడు. ఉత్త చెంచా నాలుక మీద పెట్టి తీసేవాడు. బుగ్గలు నిమిరేవాడు. చల్లటి చెంచా పెదవులకు తాకించేవాడు. గువ్వ ఆ చెంచాను పెదవులతో ఆశగా పట్టుకుని, అందులో ఏమీ లేదని తెలిసి, వాళ్ల నాన్న మొహంలోకి చూసేది. గునిసేది కాదు, ఏడ్చేది కాదు, చూసేది. ఆ చూపు నేను పొద్దున పనికి పోయేముందు కాసేపు భరించేదాన్ని. ఆయన రోజంతా భరించాడు.

తర్వాత మళ్లీ జ్వరం వచ్చింది. ఒళ్లు తుడుస్తూ అక్క గువ్వ నోట్లో వేలు పెట్టి చూసింది. బుగ్గ లోపల, చిగురు పక్కన, నల్లబడిన అరటిపండు గుజ్జు కొంచెం ఉంది.

అక్క ఆ వేలిని అలాగే తెచ్చి బావ ముందు పెట్టింది. "ఏమిటండీ ఇది?"

"నోరు తెరిచింది" అన్నాడు బావ. "ఒక్క చెంచా. నోరు తెరిచిందే. నేనేం చెయ్యను?"

"మీరు తినిపిస్తూ చంపండి, నేను చూస్తూ కూర్చుంటాను" అంది అక్క. పెళ్లయినప్పటి నుంచీ ఆయన్ని పల్లెత్తు మాట అనని మనిషి. అనేసి, ఆ వేలిని చీదరగా గోడకు రాసి, అక్కడే కూలబడి ఏడ్చింది. బావ ఏడవలేదు. లేచి పిల్లను ఎత్తుకున్నాడు. ఆసుపత్రికి వెళ్లే దారి పొడవునా, "వేయించేద్దాం, గొట్టం వేయించేద్దాం" అని అక్కతో కాదు, నాతో కాదు, దారిన పోయేవాళ్లందరితో అన్నట్టు అంటూనే ఉన్నాడు.

ఈసారి గువ్వ కోలుకోవడానికి చాలా పట్టింది. ఒక దశలో డాక్టర్లు మా మొహాలు చూడటం మానేశారు. నేను వార్డు గుమ్మంలో నిలబడి, బతికితే చాలని ఎవరికి మొక్కుకుంటున్నానో తెలియకుండానే మొక్కుకున్నాను. బతికింది. బలం పుంజుకున్నాక కడుపుకు గొట్టం అమర్చారు.

ఆపరేషనుకు ముందు, ఇల్లు గడవాలి గనక, బావ దుకాణం తెరిచాడు. నోట్లోంచి మాట లేదు. పాత ఖాతాదారు ఒకాయన, ఎప్పుడూ బావ కబుర్ల కోసమే వచ్చే మనిషి, మెడ వాల్చి కూర్చున్నాడు. గొంతు ముడి దగ్గర బావ చెయ్యి ఆపలేదు. కూర్చున్నాయన గుటక వేశాడు, కత్తి తగిలి తెగింది. చిన్న గాటే. పటిక రుద్దితే ఆగిపోయింది. ఆ పెద్దమనిషి, "పర్లేదయ్యా, పిల్ల ఎలా ఉంది?" అని అడిగాడట. బావ కత్తి కింద పెట్టేసి, ఆయన సగం గడ్డం అలాగే వదిలేసి బయటికి వచ్చేశాడట. చెప్పుల కొట్టాయన నాకు చెప్పాడు. ఆ మిగతా సగం గడ్డం ఫ్రేముల కొట్టాయన ఏదోలా గీసి పంపించాడట. వేరే రోజైతే ఈ కథ చెప్పుకుని మేమంతా పడీ పడీ నవ్వేవాళ్లం.

గువ్వను ఇంటికి తెచ్చిన మొదటి రోజు నేను సెలవు పెట్టాను. గొట్టంలో తిండి పొయ్యడం నర్సు బావకే నేర్పింది. పెద్ద సిరంజి లోపల ఉండే తోపుడు పుల్ల తీసేసి, గొట్టానికి తగిలించి, పల్చటి తిండి పోసి, ఎత్తులో పట్టుకుంటే చాలు, దానంతటదే దిగుతుంది. మింగాల్సిన పని లేదు. ఆ పూట అక్క కూడా పనికి వెళ్లలేదు, కానీ వంటగదిలోంచి ఇవతలికి రాలేదు. మేం నలుగురం గువ్వకు కనిపించకుండా ముందే తినేశాం, గిన్నెలు చప్పుడు కాకుండా కడిగేశాం.

బావ చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన్ని చూడగానే గువ్వ మొహం విప్పారింది, నోరు తెరుచుకుంది.

ఆయన చూడనట్టే గొట్టం మూత తీశాడు, సిరంజి తగిలించాడు, పోశాడు. తిండి మెల్లగా దిగుతోంది. గువ్వ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, నాలుక కొంచెం ముందుకు వచ్చి ఆగింది. దాని లెక్కలో తిండి ఇంకా మొదలవలేదు. మళ్లీ పోశాడు. కడుపు కొంచెం ఉబ్బడం కనిపిస్తోంది. గువ్వ ఎదురుచూస్తోంది. నేను "బావా, నేను పోస్తాలే" అన్నాను. వినిపించుకోలేదు. చివరిగా నీళ్లు పోసి గొట్టం కడిగి మూత బిగించాడు.

"అయిపోయింది తల్లీ. తినేశావు" అన్నాడు.

గువ్వ నోరు మూయలేదు. బావ ఒక వేలు దాని గడ్డం కింద, ఒక వేలు పై పెదవి మీద పెట్టి, రెండు పెదవులూ మెల్లగా దగ్గరికి చేర్చాడు. వేళ్లు తీశాడు.

గువ్వ ఆయన్నే చూస్తూ మళ్లీ నోరు తెరిచింది.